నలభై నాలుగో ఉత్తరం

"ఇందులో ఉన్నది ఎవరో చెప్పండి వదినా, చూద్దాం."

మరిది బల్ల మీద నుంచి చిన్న ప్లాస్టిక్ కేసును ఆమె వైపు జరిపాడు. లోపల అరచేతిలో ఇమిడే కార్డు ఒకటి ఉంది. ఆరా దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది, చెయ్యి ఇంకాస్త పొడుగుంటే బాగుండేదనుకుంది. గాల్లోకి ఎగిరిన ఒక మనిషి, రెండు గ్లవ్స్, ఒక బంతి. పేరు ఉండవలసిన చోట వెండి రంగు మీద వెండి రంగు మెరుపు తప్ప ఏమీ లేదు.

"గోల్‌కీపర్" అంది.

"పేరు?"

"అది అచ్చేసినవాణ్ణి అడగాలి."

"కళ్ళజోడు పెట్టుకోండి వదినా. అన్నయ్య ఏడాదిగా మొత్తుకుంటున్నాడు."

"మీ అన్నయ్య మొత్తుకోళ్ళు ఇంట్లో వింటాను. నువ్వు కేసు చెప్పు."

అప్పటికి ఉదయం పదీ నలభై ఐదు. ఎక్కడ అడుగుపెట్టినా ముందు గోడ గడియారం చూసి టైము రాసుకోవడం ఆరాకు పాత అలవాటు. ఆమె అసలు పేరు బ్యాంకువాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరింట్లో ఏం పోయినా ఆరా తీసేది ఆమే కాబట్టి ఊరంతా ఆరా అనే పిలుస్తారు. ఎదురుగా కూర్చున్నది ఆమె భర్తకు సొంత తమ్ముడు, బీమా కంపెనీలో దర్యాప్తు అధికారి. ఇంట్లో ఉన్నంతసేపూ వదిన వండింది వంక పెట్టకుండా తినే బుద్ధిమంతుడు. కేసు దగ్గర ఎదురుపడితే మాత్రం ఇద్దరూ పామూ ముంగిసే.

"ముందు నాకొకటి చెప్పండి. మిమ్మల్ని పిలిచిందెవరు?"

"మాస్టారి భార్య. పది గంటలకు ఫోన్ చేసింది. 'మా ఆయనకు నోటి దురుసే గాని చేతివాటం లేదమ్మా' అంది."

"భార్యలందరూ అదే అంటారు."

"మీ ఆవిడ అనదు."

మరిది దగ్గి, తన నోటుపుస్తకం తెరిచాడు.

అది ఆటగాళ్ళ కార్డులు కొని, అమ్మి, వేలం వేసే షాపు. యజమానిని అందరూ లీడరు అంటారు. చిన్నప్పుడు మాస్టారి క్లాసులో లీడరుగా ఉన్నాడు, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. బడి నుంచి రిటైరయ్యాక మాస్టారు ఐదేళ్ళుగా ఆ శిష్యుడి దగ్గరే పనిచేస్తున్నారు. వచ్చిన ప్రతి కార్డు వివరం జాబితాలోకి ఎక్కించి, కేసులో పెట్టి సీలు వెయ్యడం ఆయన పని.

"పోయింది ఈ కార్డు కాదు వదినా. పోయినదాని బదులు కేసులో దొరికింది ఇది" అన్నాడు మరిది. "బొమ్మ ఒకటే, వెనక నెంబరు ఒకటే, రకాలు మాత్రం రెండు. ఈ వెండి రకం వేలల్లో ఉంటుంది. పోయింది ముత్యం రకం. అది ప్రపంచం మొత్తానికి ఒకే ఒక్కటి. ఎండ నేరుగా పడేలా వంచితే ముత్యంలో గులాబీ ఛాయ వస్తుంది. ట్యూబ్‌లైటు కింద రెండూ కవలలే."

"ఒకే ఒక్కటని ఎక్కడా రాసి ఉండదా?"

"మూలన రాసి ఉంటుంది. అదీ వెండి మీద వెండే."

"స్కాన్ తీశారా?"

"తీశారు. ఆ మెరుపు స్కానర్‌లో నల్లగా పడింది. బొగ్గుముక్క ఫొటోలా ఉంది."

"ఇంత ఖరీదైన వస్తువుని ఇలా చేసిన మహానుభావుడెవరో గాని, వాడికి దండం పెట్టాలి" అంది ఆరా. "టైములు చెప్పు."

"నిన్న ఉదయం పదీ పది. కార్డు సొంతదారు వేలానికి తెచ్చి ఇచ్చాడు. ఇదిగో, ఈ ముందు హాల్లోనే ఎండలో వంచి లీడరూ మాస్టారూ ఇద్దరూ చూసుకున్నారు. ముత్యమే. సంతకాలు పెట్టారు. పదిన్నరకు మాస్టారు దాన్ని లోపల జాబితా గదికి తీసుకెళ్ళారు. పదకొండున్నరకు సీలు వేసిన కేసు లీడరు చేతికిచ్చారు. అది అదే గదిలో ఉన్న సేఫ్‌లోకి వెళ్ళింది. ఇవాళ తొమ్మిదింబావుకి లీడరు సేఫ్ తీసి చూస్తే ఇది. సీలు చెక్కుచెదరలేదు. అంటే మారింది ఆ గంటలోనే. ఆ గంటలో గదిలో ఉన్నది ఒక్క మాస్టారే."

"మార్చడానికి ఇంకో కార్డు ఉండాలిగా?"

మరిది ఇదే ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నట్టున్నాడు. పక్కనున్న పాత ఆల్బమ్ తీసి ఒక పేజీ తెరిచాడు. తొమ్మిది అరల్లో ఎనిమిదింట్లో కార్డులున్నాయి. తొమ్మిదోది ఖాళీ. దాని కింద ముత్యాల్లాంటి దస్తూరీతో 'గోల్‌కీపర్, వెండి' అని చీటీ అంటించి ఉంది.

"మాస్టారి సంచిలో దొరికింది. ఈ అరలోని కార్డు ఏదని అడిగితే ఆయన నోరు విప్పడం లేదు. పైగా ఈ కార్డుల కంపెనీ మీద ఆయనకు ఒళ్ళుమంట. డిజైన్లు బాగాలేవని ఇప్పటికి నలభై మూడు ఫిర్యాదు ఉత్తరాలు రాశారట. ఒంటిగంట వరకు టైమిచ్చాను వదినా. ఆ తర్వాత పోలీసులకు అప్పగిస్తాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నాకూ బాధగానే ఉంది. కానీ నా పని నాది."

బాధగా ఉందన్నమాట అబద్ధం కాదని ఆరాకు తెలుసు. మరిది మొండివాడే గాని చెడ్డవాడు కాదు.

అప్పుడే లీడరు లోపలి నుంచి వచ్చాడు. నలభై దాటిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా మాస్టారు అలాంటివారు కారండీ. ఏదో పొరపాటు జరిగింది. ఆయన్ని గట్టిగా అడక్కండి, బీపీ ఉంది" అన్నాడు. బల్ల కింద నుంచి హెల్మెట్ తీసుకుని, "ఇంటి దగ్గర అమ్మగారు ఒక్కరే కంగారు పడుతుంటారు. వెళ్ళి ధైర్యం చెప్పి వస్తాను" అని బయలుదేరాడు.

"బంగారంలాంటి శిష్యుడు" అన్నాడు మరిది.

ఆరా టైము రాసుకుంది. పదకొండూ ఐదు.

* * *

మాస్టారు జాబితా గదిలో ఇనప కుర్చీ మీద కూర్చుని ఉన్నారు. ఉతికిన చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడలో దారానికి వేలాడే భూతద్దం. నీళ్ళ గ్లాసు ముందున్నా తాగలేదు. తప్పు చేసి హెడ్‌మాస్టరు గది బయట నిలబడ్డ పిల్లవాడిలా కూర్చున్న ఆ పెద్దాయన్ని చూసి ఆరా గొంతు తగ్గించింది.

"మీ ఆల్బమ్‌లోని కార్డు ఎక్కడుంది మాస్టారూ?"

మాస్టారు తల దించుకున్నారు.

"ఎవరికైనా ఇచ్చారా?"

తలుపు దగ్గర నిలబడ్డ మరిది, చూశారా అన్నట్టు కనుబొమలెగరేశాడు. గట్టిగా అడిగితే ఈ మనిషి ఇంకా బిగుసుకుపోతాడని ఆరాకు అర్థమైంది. కుర్చీ దగ్గరకు లాక్కుని, కేసులోని కార్డును ఆయన ముందు పెట్టింది.

"పోనీ, ఇది చదివి పెట్టండి. నాకు కనపడి చావడం లేదు."

అంతే. మాస్టారు తలెత్తారు.

"ఎవరికి కనపడుతుందమ్మా! వెండి మీద వెండి పోస్తే దేవుడిక్కూడా కనపడదు. మా చిన్నప్పుడు ఆటగాడి పేరు నల్లటి అక్షరాలతో ఇంత లావున ఉండేది. వెనక్కి తిప్పితే ఏ ఏడు ఎన్ని ఆటలాడాడు, ఎన్ని గెలిచాడు, పుట్టిందెక్కడ, అన్నీ వరసగా ఉండేవి. ఇప్పుడు చూడండి. వెనక్కి తిప్పితే ముందున్న ఫొటోనే మళ్ళీ కోసి అతికించారు. ఆట గురించి ఒక్క ముక్క, మాకు సంబంధం లేదు మాకు బాధ్యత లేదు అని తొమ్మిది ముక్కలు. ఈ సంతకం చూశారా? ఆటగాడు పెట్టింది కాదు, అచ్చేసింది. అంచులకు నల్లరంగు వేస్తారు. వేలు తగిలితే తెల్లగా పెచ్చు లేస్తుంది. తాకితే పాడైపోయే వస్తువు పిల్లలకెందుకమ్మా?"

"రకాలు కూడా ఎక్కువేనట?"

"పదకొండు! వెండి, ముత్యం, మంచు, పొగమంచు. మంచుకీ పొగమంచుకీ తేడా చెప్పినవాడి కాళ్ళకు నేను మొక్కుతాను."

తలుపు దగ్గర మరిది నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు.

"కార్డులంటే మీకింత ప్రాణమేమిటి మాస్టారూ?" అంది ఆరా.

మాస్టారి గొంతు మెత్తబడింది. "నా క్లాసులో చదవడం రాని పిల్లలు ఏటా నలుగురైదుగురు ఉండేవాళ్ళు. పుస్తకమంటే పారిపోయేవాళ్ళు. ఒక్కొక్కడి చేతిలో ఒక కార్డు పెట్టేవాణ్ణి. ఇష్టమైన ఆటగాడి పేరు కదా, కూడబలుక్కుని చదివేవాళ్ళు. వెనకనున్న లెక్కలు చూసి కూడికలు నేర్చుకునేవాళ్ళు. మా లీడరు అలా చదువుకున్నవాడే. ఎనిమిదేళ్ళొచ్చినా అక్షరం రాదు వాడికి. ఒక గోల్‌కీపర్ కార్డుతో మొదలెట్టాం. నెల తిరిగేసరికి పేపరు చదివాడు. ఈ కార్డుతో ఏ పిల్లవాడికి చదువొస్తుందమ్మా? అందుకే రాస్తాను. నా కోపం కంపెనీ మీద కాదు."

ఆరా తన హ్యాండ్‌బ్యాగు తెరిచి, ఏడాదిగా పెట్టె విప్పని కళ్ళజోడు బయటికి తీసి పెట్టుకుంది.

"నాకూ దగ్గరివి కనపడవు మాస్టారూ. ముసలిదాన్నైపోయానని ఒప్పుకోవడానికి మనసొప్పక దాచుకుని తిరుగుతున్నాను."

మాస్టారు ఆమె ముఖంలోకి చూశారు. ఆయన చేతివేళ్ళు భూతద్దం దారాన్ని పట్టుకున్నాయి.

"నాకు మూలన 'ఒకే ఒక్కటి' అని ఉండే ఆ రాత కనపడదమ్మా" అన్నారు నెమ్మదిగా. "ఆరునెలలుగా కనపడటం లేదు. జాబితా రాసేవాడికి కళ్ళు లేవంటే ఇక నేనెందుకు? అందుకే కొత్త రకం ఏది వచ్చినా నా దగ్గరున్న మామూలు కార్డు తెచ్చి పక్కన పెట్టుకుని పోల్చుకుంటాను. నిన్న కూడా అందుకే తెచ్చాను."

"ఆ మామూలు కార్డు ఇప్పుడెక్కడుంది?"

"పోస్టులో... అంటే కొరియర్‌లో పంపేశాను. కంపెనీకి. ఉత్తరంతోపాటు."

"ఏ ఉత్తరం?"

"నలభై నాలుగోది." మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "నలభై మూడుతో మానేస్తానని మా ఆవిడకు ఒట్టు వేశాను. బీపీ పెరుగుతోందని డాక్టరు కోప్పడ్డాడు. కానీ నిన్న ఈ కార్డుతో పావుగంట కుస్తీ పట్టాక ఆగలేకపోయానమ్మా. మధ్యాహ్నం ఇక్కడే కూర్చుని రాశాను. మీరే చదవగలరేమో చూడండి అని నా కార్డు జతచేసి, నాలుగింటి కొరియర్‌లో వేశాను. ఆ సంగతి చెబితే అది ఆవిడకు తెలిసిపోతుంది. దొంగనంటే ఆవిడ నమ్మదు. ఒట్టు తప్పానంటే మాత్రం నమ్ముతుంది."

"ఈ నలభై నాలుగోది ఉందని ఇంకెవరికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు మీ ఇద్దరికి. లీడరుక్కూడా చెప్పలేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, మా ఆవిడతో చెప్పేస్తాడు. కొరియర్ పుస్తకంలో మాత్రం కంపెనీ అడ్రసు రాశాను, అది రూలు కదా. ఉత్తరం కాపీ కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు. అదిగో, ఆ పనికిరాని కార్డుల డబ్బాలో అడుగున ఉంది."

మరిది డబ్బా బోర్లించాడు. నాలుగు మడతల కాగితం దొరికింది. తేదీ నిన్నటిది. పైన 'ఫిర్యాదు నెం. 44'. కింద 'జతపరచినది: నా సొంత కార్డు ఒకటి'. ఆరా దాన్ని చదివి తన బ్యాగులో పెట్టుకుంది. మరిది చెయ్యి చాచాడు గాని, ఆమె చూడనట్టే ఊరుకుంది.

* * *

"ఇప్పుడు నిన్న చేసింది చేసినట్టు చేసి చూపించండి మాస్టారూ. ఒక్క పని కూడా వదలకుండా."

గది చిన్నది. ఒక బల్ల, ఒక సేఫ్, నెత్తిన రెండు ట్యూబ్‌లైట్లు, సేఫ్ పక్కన ఒకే ఒక కిటికీ. కార్డులకు బదులుగా ఆరా తన విజిటింగ్ కార్డు ఒకటి, మరిదిది ఒకటి బల్ల మీద పెట్టింది. వెనకవైపు రెండూ ఖాళీ తెలుపే.

మాస్టారు సొరుగులోంచి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తీశారు. దానికి పక్కపక్కన రెండు అరలున్నాయి. "కుడి అరలో వాళ్ళ ముత్యం. ఎడమ అరలో నా వెండి. కుడి వాళ్ళది, ఎడమ నాది అని రెండుసార్లు పైకి అనుకున్నాను కూడా" అంటూ మరిది కార్డును కుడివైపు, ఆరా కార్డును ఎడమవైపు పెట్టారు. "తేడా ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. తెలియలేదు. తర్వాత జాబితాలో రాయడానికి కార్డు నెంబరు కావాలి. అది వెనక ఉంటుంది. చీమ తలకాయంత, బూడిద మీద బూడిద."

షీటును పేజీ తిప్పినట్టు తిప్పారు. భూతద్దం పెట్టి, అక్కడ నెంబరు ఉన్నట్టే వంగి చూశారు. "పావుగంట పట్టింది. రాసుకున్నాను. ఆ తర్వాత కుడి అరలోది తీసి కేసులో పెట్టి..."

కుడి అరలో చెయ్యి పెట్టి కార్డు తీశారు.

"షీటు మళ్ళీ ముందువైపు తిప్పారా మాస్టారూ?" అంది ఆరా.

మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆరా ఆ కార్డు తీసుకుని మరిది కళ్ళముందు పెట్టింది. అది ఆమె పేరున్న కార్డు. "మరిదిగారిని సేఫ్‌లో దాచాననుకున్నాను. చూస్తే నన్నే దాచుకున్నాను. షీటు తిప్పితే కుడి ఎడమైంది. నెంబరు ముందువైపు పెట్టి ఉంటే తిప్పే పనే లేదు. ఇది దొంగతనం కాదయ్యా."

"అయ్యో" అన్నారు మాస్టారు. కుర్చీలో కూలబడ్డారు. "ఒకే ఒక్కదాన్ని... నేనా... చెత్త డిజైనుకి నమూనా అని రాసి పంపానమ్మా!"

మరిది షీటును తనే రెండుసార్లు తిప్పి చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. "కథ అతికినట్టు సరిపోయింది. సరే, ఆ ఉత్తరంలో ముత్యం ఉంటే నేనే మాస్టారికి క్షమాపణ చెప్తాను. ఫోన్ చెయ్యండి."

పదకొండూ యాభై. ఊళ్ళోనే ఉన్న కార్డుల కంపెనీలో ఉత్తరాల విభాగం గుమస్తా ఫోనెత్తింది. ఆరా స్పీకర్ పెట్టింది.

"ఆ మాస్టారా!" అవతలి గొంతు సంతోషంగా పలికింది. "ఆయన ఉత్తరాలంటే మా సెక్షనుకి ప్రాణమండీ. లంచ్‌లో పైకి చదువుకుంటాం. అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. పైవాళ్ళు ఒక్కటీ చూడరు, అది వేరే సంగతి."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. అన్నేళ్ళ ఉత్తరాలు ఎవరో ఒకరు చదివారన్న సంగతి ఆయనకు ఇంత కష్టంలోనూ ఆనందంగా ఉన్నట్టుంది.

"ఇవాళ ఆయన దగ్గర నుంచి కవరు వచ్చిందా?" అంది ఆరా.

"వచ్చింది. ఎనిమిదింటికి. కానీ నేను విప్పకముందే ఎనిమిదిన్నరకు ఒకాయన వచ్చి, పొరపాటున వేరే కాగితం పెట్టి పంపేశారు, మాస్టారు తిరిగి తెమ్మన్నారు అని పట్టుకెళ్ళాడు. ముఖం చూడలేదండీ, హెల్మెట్ తియ్యలేదు. మాస్టారి కొడుకునన్నాడు."

ఆరా ఫోన్ పెట్టేసింది.

"మాకు పిల్లల్లేరమ్మా" అన్నారు మాస్టారు.

మరిది గొంతు మళ్ళీ గట్టిపడింది. "అదేగా నేను అంటున్నది! కవరులో పెట్టి బయటికి పంపించడం, మధ్యలో సొంత మనిషి చేత అందుకోవడం. ఎంత అమాయకంగా ఉందో అంత పక్కాగా ఉంది. ఉత్తరం సంగతి మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదని ఆయనే అన్నారు. అయితే ఆ వచ్చినవాడికి చెప్పిందెవరు?"

"తొందరపడకు. లీడరు వాంగ్మూలం ఒకసారి చదువు."

మరిది విసుగ్గా నోటుపుస్తకం తెరిచాడు. "తొమ్మిదింబావుకి షాపుకొచ్చాను. సేఫ్ తీశాను. పక్కనే ఉన్న కిటికీ దగ్గర ఎండలో కేసు వంచి చూశాను. గులాబీ ఛాయ రాలేదు. వెంటనే బీమా కంపెనీకి ఫోన్ చేశాను."

"ఏ కిటికీ?"

"ఇదే. ఇంకో కిటికీ ఎక్కడుంది?"

"ఎండేది?"

మరిది కిటికీ వైపు చూశాడు. మధ్యాహ్నం పన్నెండు కావస్తున్నా ఆ కిటికీలో ఎండ పొడ లేదు. కిటికీ పడమరకుంది. పొద్దుటి ఎండంతా ముందు హాల్లోనే. గట్టు మీద రంగు వెలిసిన చారను ఆరా వేలితో చూపించింది. "ఈ గదిలోకి ఎండ వచ్చేది మధ్యాహ్నం మూడు దాటాకే. అబద్ధం చెప్పేవాడు కొత్తగా ఏదీ కల్పించడయ్యా, జరిగినదాన్నే టైము మార్చి చెప్తాడు. లీడరు ఈ కిటికీ దగ్గర కార్డు వంచి చూసిన మాట నిజమే. కాకపోతే ఇవాళ పొద్దున కాదు, నిన్న సాయంత్రం. కార్డు మారిందని నిన్ననే తెలుసు. కొరియర్ పుస్తకంలో మాస్టారి చేత్తో రాసిన కంపెనీ అడ్రసు చూశాడు. ముత్యం ఎక్కడికి పోయిందో లెక్క కట్టాడు. అప్పుడే మాస్టారికి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. సొంతదారుకి బీమా డబ్బు సరిపోతుంది, కార్డు తన చేతిలో ఉంటుంది."

"కాదమ్మా!" మాస్టారు లేచి నిలబడ్డారు. "వాడు కాదు. నన్ను ఎన్నైనా అనండి. నాకు ఈ వయసులో పనిచ్చి కూర్చోబెట్టినవాడు. పొద్దున్న నుంచి నా కోసం ఏడుస్తున్నాడు."

"ఏడ్చాడు మాస్టారూ. అది దొంగ ఏడుపని నేను అనను."

మరిది గోళ్ళు కొరుక్కుంటున్నాడు. లోపల తూకం ఇటు మొగ్గిందని ఆరాకు తెలుస్తూనే ఉంది. ఒప్పుకోవడానికే నోరు రావడం లేదు. "కిటికీ సాక్ష్యం చెప్పదు వదినా" అన్నాడు చివరికి. "టైము తప్పు చెప్పాను, కంగారులో ఉన్నాను అంటాడు. హెల్మెట్లు ఊరంతా ఉన్నాయి. ఒంటిగంటకు నేను కాగితం మీద ఏం రాయాలి? ఆ కవరు వాడి చేతికి చేరిందనడానికి ఒక్క ఋజువు చూపించండి."

ఆరా దగ్గర లేనిది అదొక్కటే. గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది.

బల్ల మీద మాస్టారి ఫోన్ మోగింది. ఇంటి నుంచి. మాస్టారు బెదురుగా మరిది వైపు చూశారు. "ఎత్తండి, స్పీకర్‌లో" అన్నాడు మరిది.

"ఏమండీ, మంచినీళ్ళన్నా తాగారా?" మాస్టారి భార్య గొంతు. కంగారుగా ఉన్నా కంగారు దాచుకుంటోంది. "ఇక్కడ లీడరు ఉన్నాడు. వచ్చినప్పటి నుంచి ధైర్యం చెబుతున్నాడు. మీకు పనికొస్తాయి అంటే మీ ఉత్తరాల కాపీల ఫైలు తీసిచ్చాను. పాపం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరగేశాడు. ఫిర్యాదు నెంబరు నలభై నాలుగు కాపీ ఏది, ఎక్కడ పెట్టారు అని అడుగుతున్నాడండీ."

మాస్టారు ఫోన్ వైపు చూడలేక కిటికీ వైపు తిరిగారు.

"నలభై మూడుతో మానేశానని నాకు ఒట్టు వేశారుగా? కట్టుకున్నదాన్ని, నాకే తెలియని నలభై నాలుగోది వీడికెలా తెలిసిందండీ?"

మరిది పెన్ను బల్ల మీద పెట్టేశాడు. జేబులోంచి కారు తాళాలు తీశాడు. ఆరా వైపు చూసి తల ఒక్కసారి ఊపాడు. ఆ నెంబరు రాసి ఉన్నది రెండే కాగితాల మీద. ఒకటి ఆరా బ్యాగులో ఉంది. రెండోది కవరులో.

ఫోన్‌లో అవతల కుర్చీ కిర్రుమంది. ఇంకో గొంతు దగ్గరకొచ్చింది. "అమ్మగారూ, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి." మెత్తటి గొంతే. కానీ అందులో ఇందాకటి తడి లేదు. "ఇవ్వండి అంటుంటే."

"ఎందుకురా? ఆగు, చెయ్యి వదులు..."

ఆరా గుమ్మం వైపు పరుగు తియ్యబోయింది. ఇంటికి ఇరవై నిమిషాలు. అంతలో ఏమైనా జరగొచ్చు. కానీ ఆమె కన్నా ముందు మాస్టారు ఫోన్ అందుకున్నారు. వంగిన నడుము నిటారుగా అయింది. ఐదేళ్ళుగా వాడని గొంతు ఒకటి ఆయన లోపలి నుంచి వచ్చింది. నలభై మంది పిల్లలున్న గదిని ఒక్క మాటతో నిశ్శబ్దం చేసే గొంతు అది.

"లీడరూ."

అవతల అంతా ఆగిపోయింది.

"అమ్మగారి చెయ్యి వదులు. కూర్చో. చేతులు కట్టుకో. నలభై నాలుగోది నా దగ్గరుంది, తెస్తున్నాను. అందులో నీ గురించి కూడా ఉంది. ఇలాంటి కార్డుతో అయితే మా లీడరుకి నేను చదువు చెప్పగలిగేవాణ్ణి కాదు అని రాశాను. నువ్వు కవరు విప్పావుగా. ఆ ముక్క చదివావా?"

మాస్టారు ఫోన్‌ను నోటికి ఇంకా దగ్గరగా తెచ్చుకున్నారు.

"చదివావా అని అడుగుతున్నాను."

ఎనిమిదేళ్ళ పిల్లవాడిదంత చిన్న గొంతు వినిపించింది.

"చదివానండీ."

ఆ తర్వాత అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో కూర్చున్న చప్పుడు వినిపించాయి.